కాలువ గట్టు వెంట కోనసీమ

కోనసీమ చూడ్డానికి వచ్చేవాళ్లు చాలామంది రావులపాలెం మీదుగా హైవే పట్టుకుని నేరుగా దిండి వెళ్లిపోతారు. ఒక పూట మిగిల్చుకోగలిగితే ధవళేశ్వరం నుంచి కాలువ దారిన వెళ్లండి. ఇక్కడి జనం ఎవరిని గుండెల్లో పెట్టుకున్నారో ఊరూరా రోడ్డు పక్కనే కనిపిస్తుంది.

ముందు ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూడాలి. 1833 కరువు, 1839 ఉప్పెన ఈ నేలను ఎంత దెబ్బతీశాయో తెలుసుకున్నాక, ఇంగ్లీషు ఇంజనీరు కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కల్లా ముగించిన గోదావరి ఆనకట్ట ఎంత పెద్ద పనో అర్థమవుతుంది. బ్యారేజీ దాటాక కాటన్ దొర విగ్రహాలు కనిపిస్తూనే ఉంటాయి. కొన్నిచోట్ల గుర్రం మీద ఉంటాడు. రంగు వెలిసిన విగ్రహం మెడలో కూడా దండ ఉంటుంది. తెల్లదొరకి ఇన్ని దండలు పడే ప్రాంతం మన దేశంలో ఇంకోటి ఉంటుందనుకోను.

లొల్ల లాకుల దగ్గర తప్పకుండా ఆగండి. సినిమా షూటింగుల వల్ల పేరొచ్చిన చోటే, కానీ సెంట్రల్ డెల్టా కాలువ చీలేది ఇక్కడ. అక్కడున్న పెద్దాయన "ఏ ఊరండి మనది?" అని పలకరించి, గోడ మీద నీటిమట్టం చూపే అడుగుల గీతలు చూపించారు. నీళ్లు ఒరుసుకుని కింది అంకెలు దాదాపు చెరిగిపోయాయి. "ఆయ్, ఏ గీత దాకా వస్తే చివరి చేను తడుస్తుందో లస్కర్లకి నోటికొచ్చండి" అన్నారు. లస్కర్లంటే కాలువ నీళ్లు చూసుకునే పనివాళ్లు. ఆ విషయం రాసిన బోర్డు మాత్రం ఎక్కడా లేదు. టాయిలెట్లు కూడా బాగాలేవు. ఆడవాళ్లతో వెళ్లేవాళ్లు ఆత్రేయపురంలోనే ఆ పని చూసుకోవడం మేలు. పూతరేకులూ అక్కడే కొనుక్కోండి, కళ్లముందే చుట్టి ఇస్తారు.

నా ఓటు పి.గన్నవరం అక్విడక్టుకే. వైనతేయ నది మీదుగా కాలువ నీళ్లని అవతలి లంకలకి దాటించడానికి 1850ల్లో కట్టింది. 49 ఆర్చీలు. నీళ్లు తగ్గినప్పుడు గట్టు దిగి వెళ్తే రాయీ సున్నం అతుకులు చేత్తో తడిమి చూడొచ్చు. కింద నది, పైన కాలువ, రెండూ గోదావరి నీళ్లే. పక్కన 2000లో కట్టినదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలై, వచ్చినవాళ్లందరికీ కులం అడక్కుండా అన్నం పెట్టిన తల్లి ఆవిడ. 1909లో పోయారు. పొలానికి నీళ్లిచ్చే కట్టడానికి అన్నం పెట్టిన మనిషి పేరు పెట్టాలని తోచినవాళ్లకి దండం పెట్టాలనిపించింది.

అక్కడి నుంచి మామిడికుదురు వైపు వెళ్లాం. పాశర్లపూడి గ్యాస్ బావిలో 1995 జనవరి 8న మంటలు లేస్తే ఆర్పడానికి 65 రోజులు పట్టింది. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా కాలిపోయారు. వెళ్లిన దారిలో ఈ రెండింటి గురించీ మాకు ఒక్క రాయి కూడా కనపడలేదు. టీకొట్టు దగ్గర అడిగితే చేత్తో అటు చూపించి, "మా చిన్నప్పుడు రాత్రుళ్లు దీపం అక్కర్లేదండి" అన్నాడొకాయన. ఇంత జరిగిన చోట కనీసం చనిపోయినవాళ్ల పేర్లు చెక్కిన రాయి ఒకటి రోడ్డు మీద ఉండాలని నాకు గట్టిగా అనిపించింది. పంచాయతీలు తలుచుకుంటే అదేమంత ఖర్చు కాదు.

బస విషయానికొస్తే, దిండిలో నది పక్కన గది అందంగానే ఉంది. కానీ మేం దిగినచోట వేడినీళ్లు రాలేదు, భోజనం ధరకి తగ్గట్టు లేదు. ఇలా ఊళ్లు తిరిగేవాళ్లకి అమలాపురం లాడ్జీలే నయం, పొద్దున్నే బస్సులు దొరుకుతాయి. టిఫిన్‌కి అంబాజీపేటలో పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు తినండి. కారుకన్నా ఆటో మాట్లాడుకోండి, గట్టు రోడ్ల మీద ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుతారు. ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు, వరదలప్పుడు లంక దారులు మునుగుతాయి. నవంబరులో తుఫాన్ల భయం ఉంటుంది. సంక్రాంతికి కాస్త ముందో వెనకో అయితే దారి పొడవునా నీళ్లుంటాయి. పండగ మూడ్రోజులు మాత్రం గది దొరకదు, ముందే మాట్లాడుకోవాలి.