ఆర్‌ఓ మిషన్‌కు మూడున్నర స్టార్లు, రిపోర్టులోని ‘నెగ్లిజిబుల్’కు సున్నా

మునుగోడు దగ్గర మా ఊర్లో ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ళకు ఆర్‌ఓ మిషన్ పెట్టించి ఎనిమిది నెలలైంది. పదకొండు వేల ఐదు వందలు పడ్డది. కంపెనీ పేరు రాయను. మంచే ఎక్కువ ఉన్నది, లొల్లి అంతా ఒక్క మాట దగ్గరే.

ముందు మిషన్ సంగతి. గంటకు పదిహేను లీటర్లు అన్నరు, పన్నెండు వస్తున్నయి. మోటరు చప్పుడుకు మా ఇంటామె టీవీ సౌండు పెంచుతది. ఒక బిందె మంచినీళ్ళకు రెండు మూడు బిందెలు పైపుల నుంచి బయటికి పోతయి. వాటితోని వాకిలి కడుగుతం. బర్రెకు మాత్రం పెట్టం, ఇటు తీసేసిన ఫ్లోరైడ్ అటు అందులనే పోతది గదా. సర్కారు భగీరథ పథకం నల్లా వచ్చినంక ఇంటికి కృష్ణ నీళ్ళు వస్తున్నయి, కాదనను. పైపు పగిలి నల్లా బందైన రోజులకే ఈ మిషన్.

ఆరు నెలలకు సర్వీసు. ఫోన్ చేసిన రెండో రోజే పిల్లగాడు వచ్చిండు. చెప్పులు బయట విడిచిండు, ఫిల్టర్ మార్చిండు, కింద కారిన నీళ్ళు తనే తుడిచిండు. ఇంతవరకు అయిదు స్టార్లు. తర్వాత మీటరు ముంచి టీడీఎస్, అంటే నీళ్ళల్ల కరిగిన లవణాలు ఎంతో, చూసిండు. బోరు 860, మిషన్ 70. రిపోర్టు చేతిలో పెట్టిండు. టీడీఎస్ ఎదురుగా అంకె ఉన్నది. ఫ్లోరైడ్ ఎదురుగా అంకె లేదు, ఇంగ్లీషులో ‘నెగ్లిజిబుల్’ అని ఉన్నది.

“ఎంత బాబూ?”

“నెగ్లిజిబుల్ సార్. అంటే ఏం లేదన్నట్టే.”

ముప్ఫై ఒక్క ఏండ్లు ఫిజికల్ సైన్సు చెప్పినోన్ని. ఆ మాట విని ఊకోవుడు నాతోని కాదు. ‘ఘర్షణ ఉపేక్షించదగినది’ అని లెక్కకు ముందు ఎన్ని వేలసార్లు రాయించిన్నో. ఘర్షణ లేదని కాదు దాని అర్థం. లేకపోతే చాక్‌పీసు బోర్డు మీద గీత గీయదు. ఉన్నది, కానీ ఈ లెక్క వరకు వదిలేస్తున్నం అని. లేనిదానికి ‘నిల్’ అని వేరే మాట ఉన్నది. నెగ్లిజిబుల్‌కు మన ఇండ్లల్ల మాట ‘లెక్కలకు రాదు’. ఎవరి లెక్కలకు, దేని ముందట, అన్నది చెప్పకపోతే ఆ మాటకు అర్థమే లేదు. బస్సు బరువు ముందట ఈగ బరువు నెగ్లిజిబుల్. అదే ఈగ చాయ్‌ల పడితే?

పిల్లగాడు పోయినంక నిఘంటువు తీసిన, పాత అలవాటు. లాటిన్‌లో ‘నెక్’ అంటే కాదు, ‘లెగెరె’ అంటే ఏరుకొనుడు. రెండూ కలిస్తే ఏరకుండ విడిచిపెట్టుడు. చాటల బియ్యం పోసుకొని మా అమ్మ మెరిగెలు ఏరేది. ఒకటి రెండు కంటికి దొరకక ఉండిపోయేటియి, అన్నం తినేటప్పుడు పంటికి దొరికేటియి. నెగ్లిజెన్స్ కూడా ఆ వేరు నుంచే వచ్చింది. పట్టించుకోనక్కర లేనిది నెగ్లిజిబుల్, పట్టించుకోవలసింది పట్టించుకోకపోతే నెగ్లిజెన్స్. సర్వీసులో ఉన్నప్పుడు రెండో మాటతో నాకు ఒక మెమో కూడా వచ్చింది, ఆ కథ ఇప్పుడెందుకు.

ఇక ఫ్లోరైడ్ లెక్క. తాగే నీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది. మన దేశ ప్రమాణం 1 మిల్లీగ్రామే, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటది. అయిదు వేల లీటర్ల ట్యాంకరుకు ఏడున్నర గ్రాములు, అంటే చెంచెడు ఉప్పంత. ఇంకో చెంచెడు ఎక్కువైతే ఏండ్ల మీద పండ్లు, ఎముకలు పాడైతయి. మా బడి గ్రూప్ ఫోటోలల్ల సగం మంది పిల్లలు పెదవులు బిగబట్టి ఉంటరు, పండ్ల మీది పసుపు చారలు కనబడొద్దని. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ పెట్టిన పేరే ‘నల్లగొండ టెక్నిక్’. అసొంటి జిల్లాల, ఈ గడిలనే అంకె రాయకపోతే ఎట్ల?

పైగా టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్ కొలవదు. నీళ్ళల్ల కరెంటు ఎంత పారుతదో చూసి, కరిగిన లవణాలన్నిటికి కలిపి ఒక అందాజు చెప్తది, అంతే. మళ్ళ ఫోన్ చేసి అడిగిన. “మీటర్ల తక్కువొస్తే అట్లనే రాయమన్నరు సార్” అన్నడు. కొలవనిదానికి ‘కొలవలేదు’ అని రాసినా నేను ఊకుందును.

రెండు సీసాల్లో నీళ్ళు పట్టి నల్లగొండలో పరీక్ష చేయించిన. బోరు 2.6, మిషన్ నీళ్ళు 0.3. అంటే మిషన్ పని చేస్తున్నది. పిల్లగాని మాట కూడ తప్పేం కాదు, తెలియకుండ ఒప్పైంది.

బిల్లు 1,250. పరీక్షకు, బస్సుకు నా జేబు నుంచి పోయినయి కదా, ఒక యాభై తగ్గించమని ఆఫీసుకు ఫోన్ చేసిన. యాభై అంటే మీ కంపెనీకి నెగ్లిజిబులే గదా అన్న. అవతల ఆమె నవ్వలే. “సిస్టంల తీసుకోదు సార్” అన్నది.

కొనేటోళ్ళు కొనుండ్రి, మిషన్ మంచిదే. టీడీఎస్ చూపిచ్చి సంతకం పెట్టమంటే మాత్రం ఫ్లోరైడ్ అంకె అడుగుండ్రి. మా తర్వాతి సర్వీసు సంక్రాంతి దాటినంక ఉన్నది. ఆ గడి ఖాళీగ పెడితే సంతకం పెడతా, మళ్ళ ఆ మాటనే రాస్తే పెట్టను.