కోట లేని కోటగుమ్మం: రాజమండ్రిలో మూడు రోజులు

రాజమండ్రిలో కోటగుమ్మం ఉంది, కోట మాత్రం లేదు. బస్సు దిగి అక్కడ నిలబడితే రోజ్‌మిల్క్ కొట్టు, బట్టల షాపులు, ఆటోల హారన్లు. మా అమ్మ చుట్టూ చూసి, "రాజరాజ నరేంద్రుడి కోట ఏదిరా?" అంది. మూడు రోజులూ ఆ ప్రశ్న పట్టుకునే తిరిగాం.

తూర్పు చాళుక్యులు వేంగి వదిలి ఇక్కడికి రాజధాని మార్చారు. 11వ శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడు ఏలింది, నన్నయ భారతం తెలుగు చేయడం మొదలుపెట్టింది ఈ ఊళ్లోనే. తర్వాత రెడ్డిరాజులు, గజపతులు, గోల్కొండ నవాబులు, చివరికి ఇంగ్లీషువాళ్లు. ఇన్ని చేతులు మారిన ఊళ్లో రాజభవనం కోసం వెతక్కండి, నిరాశ పడతారు. చాళుక్యుల రాతిపని చూడాలంటే బిక్కవోలు వెళ్లాలి.

రాజమండ్రి–సామర్లకోట లైన్లో ప్యాసింజర్ ఎక్కితే బిక్కవోలు చేరతాం. టికెట్ చవక, కిటికీ పక్కన వరిచేలు. గోలింగేశ్వరాలయం గోడ దగ్గర అమ్మ చాలాసేపు కదల్లేదు. నాకూ అంతే. వెయ్యేళ్ల వానలకి శిల్పాల ముక్కులూ వేళ్లూ అరిగాయి, నడుం వంపు మాత్రం ఇంకా తెలుస్తోంది. వినాయకుడి గుడిలో ఆయన చెవిలో కోరిక చెప్పుకుంటారు. అమ్మ కూడా చెప్పింది, ఏమిటో నాకు చెప్పలేదు. పొలాల్లో కూడా ఆ కాలపు గుళ్లున్నాయి. మధ్యాహ్నం ఎండలో మాత్రం వద్దు, నీడ లేదు. మూడు రోజుల్లో నాకు బాగా నచ్చింది ఈ పూటే.

బస సంగతి చెప్పాలి. మొదటి రాత్రి మెయిన్ స్టేషన్ దగ్గర లాడ్జిలో దిగాం. ఆన్‌లైన్‌లో గోదావరి కనిపించే గది అన్నారు, కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ గోడ. వేడినీళ్లు రాలేదు. కౌంటర్లో అడిగితే "రేపు చూస్తామండీ" అన్నారు. డెబ్బై ఏళ్ల అమ్మతో వచ్చిన నాకు ఆ రాత్రంతా టెన్షనే. తెల్లారగానే ఖాళీ చేసి గోదావరి గట్టు వైపు చిన్న గదికి మారాం. హంగులు తక్కువే, కానీ శుభ్రం. పొద్దున్నే నడుచుకుంటూ పుష్కర ఘాట్‌కి వెళ్లొచ్చు. పెద్దవాళ్లతో వచ్చేవాళ్లు గట్టుకి దగ్గరలోనే దిగండి, రూమ్ చూశాకే డబ్బు కట్టండి. 2027లో పుష్కరాలు, అప్పుడు గదులు దొరకడం కష్టం.

ధవళేశ్వరానికి ఆటో మాట్లాడుకున్నాం. "ఆయ్, ఎక్కండి అమ్మగారూ, దగ్గరుండి చూపిస్తానండి" అన్నాడు, అన్నట్టే చూపించాడు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేయించాడు. పక్క కొండ రాయే దానికి వాడారు. ఇప్పుడున్న బ్యారేజీ తర్వాత కట్టింది. మ్యూజియం చిన్నదే, గంట చాలు. ఊరు మారిన తీరు నాకు ఇక్కడే అర్థమైంది. కాలవల్లో నీళ్లు పారాక వరి పండింది, చేతిలో డబ్బు ఆడింది, పిల్లలు చదువుకెళ్లారు. డెల్టా అంతటా మండువా లోగిళ్లు లేచాయి. రాజులు పోయాక రాజమండ్రికి పెద్దరికం తెచ్చింది ఈ నీళ్లే అని నా నమ్మకం.

కందుకూరి వీరేశలింగం గారిల్లు తప్పకుండా చూడండి. 1881 డిసెంబర్ 11న ఆయన తన చేతుల మీదుగా మొదటి వితంతు వివాహం ఈ ఊళ్లోనే జరిపించారు. వంటవాళ్లూ నీళ్లవాళ్లూ మానేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నుంచి నీళ్లు మోశారు. అమ్మ గడప మీద చెయ్యి పెట్టి, "మా మేనత్త భర్త పోతే పన్నెండేళ్లకే జుట్టు తీయించేశారురా" అంది. ఇన్నేళ్లలో ఆ మాట ఎప్పుడూ నాతో అనలేదు. ఇంకేం అడగాలో తెలియక పక్కన నిలబడ్డాను. ఆయన కట్టించిన టౌన్‌హాల్ (1890) కూడా అక్కడికి దూరం కాదు, నడిచే వెళ్లాం.

చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీ, రాళ్లబండి సుబ్బారావు పేరున్న పురావస్తు మ్యూజియం ఒక్క పూటలో అయిపోతాయి. తెరిచే వేళలు ముందే కనుక్కోండి, మేము ఒకసారి తలుపు దాకా వెళ్లి తిరిగొచ్చాం.

ఆఖరి సాయంత్రం గట్టు మీద కూర్చున్నాం. 1900 నుంచి రైళ్లు నడిచిన హేవలాక్ బ్రిడ్జి 1997లో విశ్రాంతి తీసుకుంది, ఖాళీగా నిలబడి ఉంది. ఆర్చి బ్రిడ్జి మీద రైలు పోతుంటే అమ్మ కొంగుముడి విప్పి ఒక రూపాయి బిళ్ల తీసి నీళ్లలో వేసింది. "మా మేనత్త పేరు మీదరా" అంది.