పిల్లల ఎన్‌ఆర్‌సీ వార్డులో 18 రోజులు

విశాఖలో ఒక సర్కారు ఆసుపత్రిలోని ఎన్‌ఆర్‌సీ, అంటే పోషకాహార పునరావాస కేంద్రం గురించి రాస్తున్నాను. మా చెల్లి కొడుక్కి 14 నెలలు. చేరేనాటికి బరువు 6 కిలోల 100 గ్రాములు. పక్షి దోషమని ఇంట్లోవాళ్లు తాయెత్తు కట్టించారు, ఒక ప్రైవేటు క్లినిక్‌లో రెండు నెలలు ఆకలి టానిక్కులే రాశారు, పిల్లడి జబ్బకి టేపు పెట్టి చూసినవాళ్లు లేరు. చివరికి గాజువాకలో మా అంగన్‌వాడీ టీచరే కొలిచారు, 11 సెంటీమీటర్లు. 11.5 కంటే తగ్గితే టేపు మీద ఎరుపు, అంటే పోషకాహార లోపం తీవ్రంగా ఉన్నట్టు. పైగా విరేచనాలు, తిండి ముట్టడం లేదు, అందుకే ఆ రోజే చేర్పించమన్నారు.

మొదటి నాలుగు రోజులు బరువు పెరగలేదు. మాకు ఒకటే టెన్షన్. చిక్కిపోయిన ఒంటికి ఒక్కసారిగా ఎక్కువ పెడితే ప్రాణానికే ప్రమాదమట, అందుకని ముందు ఎఫ్-75 అనే పాలు, 100 మిల్లీలీటర్లకు 75 కేలరీలు, రెండు గంటలకోసారి కొంచెం కొంచెంగా ఇస్తారు. అర్ధరాత్రి కూడా సిస్టర్ వచ్చి లేపి పట్టించేవారు, రాత్రి మానేస్తే షుగర్ పడిపోయి ఒళ్లు చల్లబడుతుందని. ఆ సిస్టర్ల గురించి ఎంత చెప్పినా తక్కువే. ఐదో రోజు కప్పు కోసం పిల్లడు తనే చెయ్యి చాపాడు, చెల్లి ఏడ్చేసింది. ఆ తర్వాత ఎఫ్-100కి, అంటే 100 మిల్లీలీటర్లకు 100 కేలరీలుండే పాలకి మార్చారు, ఇక రోజూ బరువు పెరిగింది.

చెల్లి ఇంకా పాలిస్తోంది కాబట్టి తనకీ అక్కడే భోజనం పెట్టారు, రక్తం పరీక్ష చేశారు. కాన్పు తర్వాత 180 రోజులు మింగాల్సిన ఐరన్ మాత్రలు నెలకే ఆపేసిందని మాకు అప్పుడే తెలిసింది. అంగన్‌వాడీలో తన పేరున ఇచ్చిన గుడ్లు, పాలు ఇంటిల్లిపాదీ తినేశాం, నేనూ తిన్నాను, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంది.

లోపాలూ ఉన్నాయి. బాత్రూములు బాగోలేవు, మా మంచం పైన ఫ్యాను తిరగలేదు, తల్లికి రోజుకూలీ కింద ఇచ్చే డబ్బు ఇంకా పడలేదు. అయినా మధ్యలో వచ్చేయకండి. పక్క మంచం ఆవిడ, పిల్ల నవ్వుతోందని ఆరో రోజే ఇంటికి తీసుకెళ్లిపోయింది, వారం తిరక్కుండా మళ్లీ విరేచనాలతో వచ్చింది. కాస్త తేరుకోవడం వేరు, డిశ్చార్జ్‌కి కావాల్సినట్టు చేరినప్పటి బరువు మీద 15 శాతం పెరగడం వేరు.

డిశ్చార్జ్ అయ్యాక 15 రోజులకోసారి చూపించమన్నారు. నిన్న కొలిస్తే జబ్బ 12.2, టేపు మీద పసుపులోకి వచ్చాడు. ఇంకో రెండుసార్లు వెళ్లాలి.