బస్తీ దవాఖానా: ఆరేళ్లుగా అమ్మను చూపించుకుంటున్న అనుభవం

మా అమ్మకు షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలు, అంటే వాడల్లో సర్కారు పెట్టిన చిన్న ఉచిత ఆసుపత్రులు, 2018లో మొదలయ్యాయి, మా వీధి చివర ఒకటి తెరిచాక ఆరేళ్లుగా అక్కడికే వెళ్తున్నాం. డబ్బులు తీసుకోకపోవడం కన్నా నడిచి వెళ్లేంత దగ్గరుండటమే మాకు ఎక్కువ పనికొచ్చింది.

ఫీజు అంతకుముందు వెళ్లిన సర్కారు పెద్దాసుపత్రిలోనూ లేదు కదా. కానీ రెండు బస్సులు మారాలి, ఓపీ చీటీకి ఒక లైను, డాక్టర్‌కి ఒక లైను, గోలీలకు ఇంకో లైను, పరీక్ష రాస్తే రిపోర్టుకు మళ్లీ ఇంకో రోజు. బట్టలు కుట్టే కార్ఖానాలో నాది రోజుకూలీ, తోడు వెళ్లిన రోజు కూలి పోయినట్టే. అది చూసి అమ్మ "బాగానే ఉంది లేవే" అంటూ నెలలు దాటేసేది, ఉన్న గోలీలు ఎక్కువ రోజులు రావాలని సగం విరిచి వేసుకునేది. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఇప్పటికీ గుర్తొస్తే ఏడుపొస్తుంది.

ఇప్పుడు పక్కింటి పెద్దమ్మతో కలిసి తనే వెళ్లొస్తుంది. అయిదు నుంచి పది వేల మందికి ఒకటి అన్న లెక్కన పెట్టారు కాబట్టి ఉండేది ఒక డాక్టర్, ఒక సిస్టర్, ఒక సహాయకురాలే, అయినా డాక్టరమ్మ అమ్మను ముఖం చూసే గుర్తుపడుతుంది. అమ్మ ఆమెను బిడ్డా అని పిలుస్తుంది, అరికాళ్ల మంటల గురించి ముందు ఆమెకే చెప్పింది, నాకు కాదు. రక్తం అక్కడే తీసి నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో సర్కారు ఉచితంగా పరీక్షలు చేసే తెలంగాణ డయాగ్నస్టిక్స్ ల్యాబ్‌కు పంపుతారు, రిపోర్టు ఫోన్‌కే వస్తుంది. మూడు నెలల షుగర్ పరీక్ష, కిడ్నీ, థైరాయిడ్ బయట చేయించినవాళ్లకు ఇదెంత మిగులో తెలుసు.

గోలీలు ఒక్కోసారి నెలకు సరిపడా ఇవ్వరు, పదిహేను రోజులకే ఇచ్చి మళ్లీ రమ్మంటారు.

నాకు అసలు కోపం టైం మీద. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు అంటే ఇంట్లో ఉండే ముసలివాళ్లకు బాగుంది, మరి కూలికి వెళ్లేవాళ్లు? వారంలో రెండు రోజులైనా రాత్రి ఎనిమిది దాకా తెరవాలని గట్టిగా అడుగుతున్నా. మా ఎదురింటి అన్న సెంట్రింగ్ పనికి ఆరున్నరకే కూలీల అడ్డా మీదికి వెళ్తాడు, తిరిగొచ్చేసరికి ఏడు. బీపీ ఉందని తెలిసి ఏడాదైంది, దవాఖానా ఇంటి నుంచి కనిపిస్తుంది కూడా, ఆయన మాత్రం డబ్బులున్న రోజు మెడికల్ షాపులో నాలుగు గోలీలు కొనుక్కుంటాడు.