తలకు లెక్కేస్తే: న్యూజిలాండ్ ఆవు, మన గేదె

భూమిని వేడెక్కించే వాయువుల మొత్తం ఉద్గారాలు చూస్తే భారత్ పశువుల ముందు న్యూజిలాండ్ ఏ మూలకీ రాదు. 2019 గణన ప్రకారం మన ఆవులు, గేదెలు కలిపి 30 కోట్లు దాటాయి. అక్కడ ఆవుజాతి పశువులు దాదాపు కోటి. కానీ జనం 50 లక్షల పైచిలుకే! అంటే మనిషికి రెండు పశువులు, పైగా నాలుగైదు గొర్రెలు. మన దగ్గర నలుగురైదుగురికి ఒక పశువు.

అందుకే తలకు లెక్కేస్తే బొమ్మ తిరగబడుతుంది. న్యూజిలాండ్‌లో సేద్యం, పశువుల ఉద్గారాలు ఏడాదికి మనిషికి ఏడెనిమిది టన్నులు (అన్ని వాయువులనూ కార్బన్ డయాక్సైడ్‌లోకి మార్చి లెక్కేస్తే). మనది అర టన్నుకు కాస్త అటూ ఇటూ.

నెమరేసే పశువు త్రేన్పుల్లో మీథేన్ అనే, భూమిని వేడెక్కించే వాయువు వస్తుంది (వెనక నుంచి అనుకుంటారు చాలామంది, అది చాలా తక్కువ). ఇది రెండు చోట్లా ఒకటే. మనకు అదనంగా వరి ఉంది. నీళ్లు నిలిచిన మడిలో కాలు పెడితే బురదలోంచి బుడగలు లేస్తాయి చూడండి, వాటిలో మీథేనే ఎక్కువ. మడిని మధ్యమధ్యలో ఆరబెడితే అది బాగా తగ్గుతుంది.

అయితే న్యూజిలాండ్ వాళ్లను తిట్టడం కూడా సబబు కాదు. వాళ్ల పాలలో సింహభాగం పొడిగా, వెన్నగా పరాయి దేశాలకే పోతుంది. తాగేది ఒకరు, లెక్క ఇంకొకరి ఖాతాలో! నేనైతే తలసరి అంకె పక్కన ఎగుమతుల అంకె కూడా చూస్తాను. ఇక అడవులు రెండు దేశాల్లోనూ కొంత కార్బన్‌ను పీల్చుకుంటాయి. నేల వినియోగాన్ని (అంటే అడవులు పీల్చుకునే కార్బన్ లాంటి లెక్కను) కలిపారా లేదా అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది.