వీడియో మీద తెలుగు అక్షరాలు: బర్న్ చేయాలా, ఎస్‌ఆర్‌టీ పెట్టాలా?

తిరుపతి గంగమ్మ జాతర వీడియో ఎడిట్ చేసిన ప్రతిసారీ నాకు ఇదే ప్రశ్న. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం... ఏది ఏ వేషమో బయటి ఊరివాళ్లకు తెలియదు, కాబట్టి పేరు తెర మీద పడాల్సిందే. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఆ అక్షరాల్ని బొమ్మలో కలిపేయాలా, అంటే బర్న్ చేయాలా, లేక ఎస్‌ఆర్‌టీ ఫైలుగా, అంటే ఏ మాట ఏ క్షణంలో పడాలో రాసి ఉండే సబ్‌టైటిల్ ఫైలుగా విడిగా ఉంచాలా?

వాట్సాప్ స్టేటస్‌కి, రీల్స్‌కి అయితే బర్న్ చేయడమే. అక్కడ విడి ఫైలు పెట్టే వీలు లేదు, పైగా సౌండ్ ఆపేసి చూసేవాళ్లు ఎక్కువ. రీల్స్‌లో మాత్రం అక్షరాలు మరీ అడుగున పెట్టకండి, అకౌంట్ పేరు, క్యాప్షన్ వచ్చి మీద కూర్చుంటాయి.

తెలుగుతో అసలు తంటా వేరే ఉంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత వీడియో సాఫ్ట్‌వేర్‌లో, బొమ్మ మీద అక్షరాలు రాసే డ్రాటెక్స్ట్ ఫిల్టర్‌తో మొదటిసారి చేసినప్పుడు 'తాతయ్యగుంట గంగమ్మ' అని టైప్ చేస్తే తెర మీద 'తాతయ్‌యగుంట గంగమ్‌మ' అని పడింది. అమ్మవారి పేరు అలా విరిగిపోయి కనిపిస్తే ప్రాణం ఉసూరుమంది. ఫాంట్ తప్పేమో అని నాలుగైదు మార్చి చూశా, లాభం లేదు. ఒత్తుల్ని, గుణింతాల్ని సరిగ్గా పేర్చే పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీది, డ్రాటెక్స్ట్‌కి అది 2023లో వచ్చిన 6.1 వెర్షన్‌తోనే అందింది. పాత వెర్షన్ ఉంటే అదే మాటల్ని ఎస్‌ఆర్‌టీలో రాసి సబ్‌టైటిల్స్ ఫిల్టర్‌తో బర్న్ చేయండి, అది లిబాస్ అనే సబ్‌టైటిల్ లైబ్రరీ మీద నడుస్తుంది, లిబాస్ హార్ఫ్‌బజ్‌ను వాడుకుంటుంది కాబట్టి ఒత్తులు వాటి చోట అవి కూర్చుంటాయి. ఫాంట్ నోటో సాన్స్ తెలుగు బోల్డ్, చుట్టూ నల్ల అంచు. సన్నటి ఫాంట్లు వాట్సాప్ కుదించేసరికి అలుక్కుపోతాయి.

యూట్యూబ్‌కైతే నా ఓటు ఎస్‌ఆర్‌టీకే. ఒకసారి బర్న్ చేసిన వీడియోలో 'మాతంగి' బదులు 'మతంగి' అని పడింది, రాత్రి 11కి చూసుకున్నా, ఒక్క దీర్ఘం కోసం 18 నిమిషాల వీడియో మళ్లీ మొదటి నుంచీ ఎక్స్‌పోర్ట్ చేయాల్సి వచ్చింది. ఎస్‌ఆర్‌టీ అయితే నోట్‌ప్యాడ్‌లో దిద్ది ఆ ఫైలొక్కటే మార్చేస్తే సరిపోయేది. ఇంగ్లిష్‌కి ఇంకో ఫైలు జత చేయొచ్చు, వద్దనుకున్నవాళ్లు ఆపేసుకోవచ్చు. సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర, తెలుగు అక్షరాలు చెడిపోకుండా యూటీఎఫ్-8 ఎంచుకోవడం మాత్రం మర్చిపోకండి.

ఎమ్‌పీ4 లోపలే సబ్‌టైటిల్ ట్రాక్‌గా పెట్టే మూడో దారీ ఉంది. బొమ్మను మళ్లీ ఎన్‌కోడ్ చేయక్కర్లేదు కాబట్టి క్షణాల్లో అయిపోతుంది, వీఎల్‌సీ ప్లేయర్‌లో చక్కగా కనిపిస్తుంది. ఇంట్లో దాచుకునే కాపీకి బాగుంటుంది, అంతకుమించి నేను వాడను.

ఏ దారిలో వెళ్లినా అక్షరాలు లేని కాపీ ఒకటి హార్డ్ డిస్క్‌లో ఉంచుకోండి. మా చెల్లెలి పెళ్లి వీడియో తీసినవాళ్లు బర్న్ చేసిన కాపీ ఒక్కటే ఇచ్చి మిగతాది చెరిపేశారు. అందులో మా బావ పేరు ఒత్తు లేకుండా పడింది, ఇప్పటికీ అలాగే ఉంది.