లాఠీ దెబ్బ ఫోన్‌లో పడింది: ముందు గ్రూపులో పెట్టాలా, ముందు ఫిర్యాదు చేయాలా?

వడ్లు కొనడం లేదని నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద రైతులు రాస్తారోకో చేస్తారు. జీతాలు పెంచాలని ఆశా వర్కర్లు కలెక్టరేట్ ముందు కూర్చుంటారు. భూమి పోతుందని తండా జనం సర్వేకు అడ్డం నిలబడతారు. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఇవేవీ కొత్త కావు. పోలీసులు రావడం, తోపులాట, ఒక్కోసారి లాఠీ లేవడం కూడా పాతవే. ఇప్పుడు ప్రతి చేతిలో ఫోన్ ఉంది కాబట్టి, కింద పడ్డ మనిషిని ఇంకా కొడుతున్న దృశ్యం ఎవరో ఒకరి దాంట్లో రికార్డవుతుంది. తీసినవాళ్ళు ఆ తర్వాత గంటలో ఏం చేస్తారన్న దాన్ని బట్టే ఆ వీడియో రేపు కోర్టులో పనికొస్తుందా, రెండు రోజుల తిట్లతో ముగుస్తుందా అన్నది చాలావరకు తేలిపోతుంది.

దారులు మూడున్నాయి. వెంటనే వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో పెట్టేయడం ఒకటి. తెలిసిన విలేకరికి ఇవ్వడం ఇంకొకటి. వీడియోను భద్రంగా ఉంచి ఎస్పీకి, కోర్టుకు, మానవ హక్కుల కమిషన్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయడం మూడోది. నా అభిప్రాయం ముందే చెప్తాను. దెబ్బలు తిన్న మనిషి ఇంటికో ఆస్పత్రికో చేరి ఉంటే ఫిర్యాదు ముందు, షేర్ చేయడం తర్వాత. ఆ మనిషి ఇంకా పోలీసుల చేతుల్లోనే ఉంటే మాత్రం వరస తిరగేయాలి.

బయట పెట్టడంలో ఉన్న బలాన్ని తక్కువ చేయలేం. దానికి దగ్గరి ఉదాహరణ కొడంగల్ పక్కన లగచర్ల. 2024 నవంబరు 11న భూసేకరణ ప్రజాభిప్రాయ సేకరణ కోసం వెళ్ళిన అధికారుల మీద అక్కడ దాడి జరిగింది, తర్వాత పెద్ద సంఖ్యలో అరెస్టులు జరిగాయి. బాధిత కుటుంబాలు ఢిల్లీ వెళ్ళి జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేస్తే, కమిషన్ రాష్ట్ర ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. డిసెంబరులో అదే కేసులో సంగారెడ్డి జైల్లో ఉన్న ఒక గిరిజన రైతును గుండె నొప్పి వస్తే బేడీలతోనే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఆ దృశ్యం బయటికి రాగానే ముఖ్యమంత్రి విచారణకు ఆదేశించారు, జైలు అధికారి సస్పెండయ్యారు. ఒకే ఊరి గొడవలో కాగితం, వీడియో రెండూ పనిచేశాయి. వీడియో మాత్రం గంటల్లో పనిచేసింది. కస్టడీలో ఉన్న మనిషికి ఆ గంటలే ప్రాణం. అందుకే మనిషిని వ్యాన్‌లో ఎక్కించుకుపోయి ఏ స్టేషన్‌కు తీసుకెళ్ళారో చెప్పనప్పుడు, ఎక్కించిన దృశ్యం, బండి నంబరు, టైము వెంటనే అందరికీ పంపాల్సిందే. అరెస్టు చేసిన 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలని రాజ్యాంగంలోని 22వ అధికరణం చెబుతుంది. ఆ గడువు దాటకుండా చూసేది బయట ఎదురుచూస్తున్న జనమే.

అయితే వేగంగా వచ్చింది నిలబడుతుందా అన్నది వేరే ప్రశ్న. సస్పెండ్ చేశారనగానే మనం గెలిచామనుకుంటాం. సర్వీసు నిబంధనల ప్రకారం సస్పెన్షన్ శిక్షే కాదు. విచారణ తేలేదాకా పక్కన పెట్టడం మాత్రమే, జీవనభృతి వస్తూనే ఉంటుంది. గొడవ సద్దుమణిగాక ఆ ఫైలు ఏమైందని అడిగేవాళ్ళు ఎవరూ ఉండరు.

అమెరికాలో 2020లో జరిగిన రెండు సంఘటనలు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా బాగా కనిపిస్తుంది. మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయినప్పుడు, అరెస్టు సమయంలో ఆరోగ్య సమస్య వచ్చి చనిపోయాడన్నట్టు పోలీసులు మొదట ప్రకటన ఇచ్చారు. 17 ఏళ్ళ డార్నెల్లా ఫ్రేజర్ తీసిన వీడియో ఆ ప్రకటనను పడగొట్టింది. ఆ అమ్మాయి వీడియోను ఫేస్‌బుక్‌లో పెట్టింది, నిజమే. మరుసటి ఏడాది కోర్టుకు వచ్చి సాక్ష్యం కూడా చెప్పింది. 2021 ఏప్రిల్‌లో, ఫ్లాయిడ్ మెడ మీద మోకాలు పెట్టి నొక్కిన డెరెక్ షావిన్ అనే పోలీసు అధికారి దోషిగా తేలాడు, ఇరవై రెండున్నరేళ్ళ శిక్ష పడింది. ఆ మరణం మీద దేశమంతా నిరసనలు నడుస్తుండగా జూన్ 4న బఫెలో నగరంలో 75 ఏళ్ళ ముసలాయన్ని పోలీసులు నెట్టేస్తే వెనక్కి పడి తల పగిలింది. ఆయనే కాలు తట్టుకుని పడ్డాడని పోలీసులు ముందు చెప్పారు. స్థానిక రేడియో విలేకరి తీసిన వీడియో రాగానే ఇద్దరు పోలీసులను సస్పెండ్ చేశారు, కేసులు పెట్టారు. 2021 ఫిబ్రవరిలో కేసు విచారణకు వెళ్ళాలా వద్దా అని తేల్చే పౌరుల బృందం, అంటే గ్రాండ్ జ్యూరీ, ఆ కేసు ముందుకు సాగనివ్వలేదు. రెండు చోట్లా వీడియో అబద్ధాన్ని బయటపెట్టింది. శిక్ష దాకా వెళ్ళడానికి వీడియో ఒక్కటే చాలదని బఫెలో చూపిస్తుంది.

మన దగ్గర కోర్టు దాకా వెళ్ళాలంటే ఏం కావాలో మనవాళ్ళలో చాలామందికి తెలియదు, అందుకే ఈ భాగం కొంచెం ఓపికగా చదవండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ ప్రకారం ఫోన్ వీడియోను సాక్ష్యంగా పెట్టాలంటే దాంతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో ఆ ఫోన్ ఎవరి దగ్గర ఉంది, ఎలా రికార్డయింది అన్నది ఫోన్ మనిషి రాయాలి, రెండో భాగం నిపుణుడు నింపాలి. ఫైలు మారలేదని చూపించే హ్యాష్ విలువ (ఫైలు నుంచి కంప్యూటర్ లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్య) కూడా ఉండాలి. పాత చట్టంలోని 65బీ సెక్షన్ మీద 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా, అసలు పరికరాన్నే కోర్టులో చూపిస్తే తప్ప సర్టిఫికెట్ తప్పనిసరి అంది.

ఇప్పుడు గ్రూపులో తిరిగిన వీడియో సంగతి చూడండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్వాలిటీ పడిపోతుంది, ఏ తేదీన ఏ టైముకు తీశారన్న సమాచారం ఫైలులోంచి పోతుంది. ఎవరో పైన పాట పెడతారు, ఇంకెవరో మొదటి అర నిమిషం కోసేస్తారు. మూడో రోజుకు అసలు తీసినవాళ్ళెవరో ఎవరికీ తెలియదు. సరిగ్గా అక్కడే పోలీసుల తరఫు వాదన మొదలవుతుంది: అంతకుముందు రాళ్ళు పడ్డాయి, ఆ ముక్క మాత్రం కట్ చేశారు అని. ఆ వాదన ఒక్కోసారి నిజం కూడా. పొద్దున నుంచి ఎండలో నిలబడ్డ హోంగార్డుకు, మహిళా కానిస్టేబుల్‌కు రాయి తగిలిన సందర్భాలు లేకపోలేదు. అయినా పడిపోయిన మనిషిని కొట్టడానికి అది సమాధానం కాదు. గుంపును చెదరగొట్టే అధికారం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 148వ సెక్షన్ ఇస్తుంది. మామూలుగా ముందు వెళ్ళిపొమ్మని ఆదేశించాలి, వెళ్ళకపోతేనే బలం వాడాలి. ఆదేశం వినిపించిందా లేదా అన్నది మీ పూర్తి నిడివి వీడియోలోనే తేలుతుంది. కోసిన ముక్కలో తేలదు. అసలు ఫైలును ఫోన్‌లో కదపకుండా ఉంచి, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గానో గూగుల్ డ్రైవ్‌లోనో రెండు కాపీలు నమ్మకమైన మనుషుల దగ్గర పెట్టాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. ఎవరైనా పోలీసు ఫోన్ ఇచ్చేయమంటే పంచనామా, రసీదు అడగండి. జప్తును వీడియో తీయాలని అదే చట్టంలోని 105వ సెక్షన్ వాళ్ళకే చెబుతుంది.

వెంటనే షేర్ చేయడంలో ఇంకో ప్రమాదం ఉంది, దాన్ని మనవాళ్ళు అస్సలు పట్టించుకోరు. మీ వీడియోలో లాఠీ పట్టుకున్నవాడితో పాటు పక్కన నినాదాలిస్తున్న పదిహేను మంది ముఖాలు కూడా ఉంటాయి. ధర్నాల దగ్గర పోలీసులు సొంతంగా వీడియో తీయిస్తారన్నది అందరికీ తెలిసిందే. వాళ్ళకు దొరకని ముఖాలు మన వీడియోల్లో దొరుకుతాయి. అనుమతి లేని సమావేశం, ప్రభుత్వ ఉద్యోగి విధులకు ఆటంకం అని కేసు పడితే, ఆ పదిహేను మందిలో అంగన్‌వాడీ ఆయా ఉండొచ్చు, ఉద్యోగం కోసం చదువుతున్న పిల్లాడు ఉండొచ్చు. తప్పు చేసిన పోలీసు కోసం పెట్టిన వీడియో తోటి మనిషి మెడకు చుట్టుకోకూడదు. బయట పెట్టే కాపీలో ముఖాలు మసక చేసి, అసలు కాపీని కోర్టు కోసం ఉంచడానికి పావుగంట చాలు. దెబ్బలు తిన్న మనిషిని, ముఖ్యంగా ఆడమనిషి అయితే, ఒక్క మాట అడగడానికి అంత కూడా పట్టదు. చీర చెదిరి కింద పడ్డ దృశ్యాన్ని జిల్లా మొత్తం చూడటం ఆమెకు ఇష్టమో కాదో నిర్ణయించాల్సింది ఆమే.

విలేకరి దారి గురించి ఎక్కువ చెప్పను. మంచి విలేకరి పోలీసుల వివరణ కూడా అడుగుతాడు, తేదీ సరిచూస్తాడు, ఫైలు అలాగే ఉంచుతాడు. ఫేస్‌బుక్ పోస్టు కంటే అది మేలు. కానీ మండల స్థాయిలో రోజూ అదే స్టేషన్ నుంచి వార్తలు తెచ్చుకోవాల్సిన మనిషి మీద ఆ బరువంతా వేయడం కష్టం. ఇస్తే ఇద్దరికి ఇవ్వండి, అసలు ఫైలు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.

ఫిర్యాదు దారికీ పెద్ద లోపాలున్నాయి, వాటిని దాచి ఈ దారే మేలంటే మోసమవుతుంది. కొట్టిన పోలీసు మీద అదే స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ ఎవరు రాస్తారు? రాయకపోతే బీఎన్‌ఎస్‌ఎస్ 173(4) కింద ఎస్పీకి రాతపూర్వకంగా పోస్టులో పంపాలి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళాలి. విధి నిర్వహణలో ఉన్న ప్రభుత్వ ఉద్యోగి మీద ఫిర్యాదైతే 175(4) ప్రకారం ముందు పై అధికారి నివేదిక తెప్పించుకుని, ఆ ఉద్యోగి మాట కూడా చూశాకే దర్యాప్తుకు ఆదేశించాలి. ఆ తర్వాత ప్రాసిక్యూషన్‌కు, అంటే కోర్టులో కేసు నడపడానికి, ప్రభుత్వ అనుమతి అడ్డం రావచ్చు. కొత్త చట్టంలో ఒక్క మేలు జరిగింది: 218వ సెక్షన్ కింద 120 రోజుల్లో ప్రభుత్వం ఏదీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ సంగతి తీసుకుంటే, 2022 చివర్లో ఛైర్మన్ పదవీకాలం ముగిశాక 2025 ఏప్రిల్‌లో కొత్త ఛైర్మన్ వచ్చేదాకా కుర్చీ ఖాళీ. అంతకాలం మన జిల్లాల నుంచి ఫిర్యాదు పట్టుకెళ్ళిన మనిషికి వినేవాళ్ళు లేరు. ఇలాంటి ఖాళీలు చూసే జనం ఫేస్‌బుక్‌ను నమ్ముకున్నారు. తప్పు వాళ్ళది కాదు.

అయినా నేను ఫిర్యాదునే ముందు పెడుతున్నాను, ఎందుకంటే దానికి గడువులున్నాయి, షేర్ చేయడానికి లేవు. గాయం వారంలో మానిపోతుంది. అదే రోజు నల్లగొండ జనరల్ ఆస్పత్రికో పాలమూరు ప్రభుత్వాసుపత్రికో వెళ్ళి మెడికో లీగల్ కేసుగా (గాయాలను పోలీసు, కోర్టు అవసరాల కోసం డాక్టరు నమోదు చేసే కాగితం) రాయించుకుంటే ఆ కాగితం, వీడియో కలిసి నిలబడతాయి. ప్రతి పోలీస్ స్టేషన్‌లో సీసీ కెమెరాలు పెట్టాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ఫుటేజీ 18 నెలలు, వీలు కాకపోతే కనీసం ఏడాది ఉంచాలంది. స్టేషన్ లోపల కొట్టారంటే ఆ ఫుటేజీ చెరిపేయకుండా ఉంచమని వెంటనే రాసివ్వాలి. మానవ హక్కుల కమిషన్‌కైతే సంఘటన జరిగిన ఏడాదిలోపే వెళ్ళాలి. వీడియోను మాత్రం మర్నాడు పెట్టినా, వారం తర్వాత పెట్టినా జనం చూస్తారు. అప్పుడు కింద ఫలానా తేదీన ఎస్పీకి ఫిర్యాదు ఇచ్చామని రాస్తే, ఆ పోస్టుకు జవాబు చెప్పాల్సిన అధికారి ఎవరో కూడా అందరికీ తెలుస్తుంది.

పోస్టు పెడితే కేసు పెడతారన్న టెన్షన్ చాలామందికి ఉంది. ఆన్‌లైన్ పోస్టుల మీద కేసులకు వాడిన ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది. సోషల్ మీడియా పోస్టుల మీద యాంత్రికంగా ఎఫ్‌ఐఆర్‌లు రాయొద్దని తెలంగాణ హైకోర్టు 2025 సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. ఉన్నది ఉన్నట్టు, ఎక్కడ ఎప్పుడు అన్న వివరంతో పెట్టినవాళ్ళకు అవి అండ. కుల దూషణ, కానిస్టేబుల్ పిల్లల ఫొటోలు, ఇంటి అడ్రసు కలిపి పెట్టినవాళ్ళకు కావు. అలాంటివి ఎవరూ పెట్టకూడదు కూడా.

ఇంకో సంగతి ఈ చర్చల్లో ఎప్పుడూ పక్కకు పోతుంది. వీడియోలో కనిపించేది లాఠీ పట్టుకున్న కానిస్టేబుల్. కొట్టమన్న మాట ఎవరిదో ఫ్రేములో ఉండదు. 2021 ఆగస్టులో హర్యానాలోని కర్నాల్‌లో తలలు పగలగొట్టండని పోలీసులకు ఒక అధికారి చెబుతున్న మాటే వీడియోకు దొరికింది, రైతులు పట్టుబట్టి కూర్చుంటే విశ్రాంత న్యాయమూర్తితో విచారణ వేయించుకోగలిగారు. అంతటి సాక్ష్యం ప్రతిసారీ దొరకదు. ఫేస్‌బుక్ కామెంట్లలో తిట్లన్నీ ఆ కానిస్టేబుల్‌కే పడతాయి, సస్పెన్షనూ అతనికే పడుతుంది. పై అధికారిని బయటికి లాగాలంటే కాగితం మీద అడగాల్సిందే. ఆ రోజు బందోబస్తు ఇన్‌ఛార్జి ఎవరు, వెళ్ళిపొమ్మని ఎన్ని గంటలకు ఎవరు ఆదేశించారు, బలం వాడమన్నది ఎవరు, పోలీసులు తీసుకున్న వీడియో ఎక్కడుంది అన్న ప్రశ్నలు ఫిర్యాదులో రాయండి. జవాబు రాకపోతే అవే ప్రశ్నలు సమాచార హక్కు కింద వేయండి.